ఆమ్లం చేసే బ్యాక్టీరియా: ట్యాంకులో ఒక లెక్క, మట్టిలో ఒక లెక్క

రామగుండం ఎరువుల కర్మాగారంలో తయారయ్యేది యూరియా. అది పైరుకు నత్రజనిని ఇస్తుంది. గాలిలో నత్రజనికి కొదవ లేదు. ఖర్చు పెట్టడానికి శక్తి ఉంటే దాన్ని ఎక్కడైనా ఎరువుగా మార్చుకోవచ్చు. భాస్వరం సంగతి అలా కాదు. అది గాలిలో ఉండదు, రాతిలో ఉంటుంది. ఆ రాయి మన దేశంలో తక్కువ. అందుకే రాక్ ఫాస్ఫేటును, ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని, తయారైన డీఏపీ ఎరువును కూడా బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్నాం.

బస్తా ధరల్లోనూ తేడా ఉంది. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తా 1350 రూపాయలు. ఈ రెండు ధరలూ సబ్సిడీ పోగా మిగిలినవే. 2021 మేలో ప్రపంచ మార్కెట్ ధరలు పెరిగినప్పుడు కేంద్రం ఒక్కో డీఏపీ బస్తాపై సబ్సిడీని 500 రూపాయల నుంచి 1200 రూపాయలకు పెంచవలసి వచ్చింది.

ఇంత ఖర్చుతో వేసిన భాస్వరంలో పైరు ఆ ఏడాది తీసుకునేది ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. మిగతాది మట్టిలో కాల్షియంతోనో, ఇనుముతోనో, అల్యూమినియంతోనో కలిసి గట్టిపడుతుంది. పొలంలో భాస్వరం ఉంటుంది, వేరుకు మాత్రం అందదు.

ఈ చిక్కుముడిని విప్పగలిగే పదార్థాల్లో సేంద్రియ ఆమ్లాలు ముఖ్యమైనవి. మట్టిలోని కొన్ని బ్యాక్టీరియా వాటిని సహజంగానే చేస్తాయి. అలాంటి బ్యాక్టీరియాకు అదనపు జన్యువులు చేర్చి ఎక్కువ ఆమ్లం చేయించే పని మన దేశంలోనే, వడోదర విశ్వవిద్యాలయంలో జరిగింది. ఇదే కోవ పని ప్లాస్టిక్ కోసం, ఆహార పరిశ్రమ కోసం ప్రపంచంలో చాలాచోట్ల ట్యాంకుల్లో జరుగుతోంది. జన్యువును చేర్చే పద్ధతి రెండు చోట్లా దాదాపు ఒకటే. కానీ ఆ బ్యాక్టీరియా చివరకు ట్యాంకులో పనిచేస్తుందా, మట్టిలో పనిచేస్తుందా అన్నదాన్ని బట్టి లాభం, ప్రమాదం, చట్టం మూడూ మారిపోతాయి. ఈ తేడా తెలిస్తే, రేపు మన ప్రాంతానికి వచ్చే ప్రతిపాదనలను మనమే తూకం వేసుకోగలం.

సేంద్రియ ఆమ్లం అంటే

కర్బనం ఆధారంగా ఏర్పడిన ఆమ్లం సేంద్రియ ఆమ్లం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఉంటాయి. బ్యాటరీలో పోసే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పోలిస్తే ఇవన్నీ సౌమ్యమైనవి.

పులుపు కోసమే కాదు, పరిశ్రమకూ ఇవి కావాలి. శీతల పానీయాల్లోనూ మందుల్లోనూ సిట్రిక్ ఆమ్లం వాడతారు. లాక్టిక్ ఆమ్లం అణువులను గొలుసుగా కలిపితే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వస్తుంది. సక్సినిక్ ఆమ్లం నుంచి రకరకాల ప్లాస్టిక్‌లు, ద్రావకాలు చేయవచ్చు. గ్లూకోనిక్ ఆమ్లం లవణాన్ని కాంక్రీటు త్వరగా గట్టిపడకుండా కలుపుతారు.

వీటిలో చాలావాటిని పెట్రోలియం నుంచి చేయవచ్చు. సూక్ష్మజీవులతోనూ చేయించవచ్చు. రెండో దారి కొత్తది కాదు. ఒకప్పుడు సిట్రిక్ ఆమ్లం ఎక్కువగా ఇటలీ నిమ్మకాయల నుంచి వచ్చేది. ఒక నల్లని బూజు చక్కెరను సిట్రిక్ ఆమ్లంగా మార్చగలదని అమెరికాలో జేమ్స్ కరీ 1917లో చూపించాడు. రెండేళ్లలో ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఈనాటికీ ప్రపంచంలో సిట్రిక్ ఆమ్లం ప్రధానంగా ఆ బూజు జాతి నుంచే వస్తోంది.

బ్యాక్టీరియా ఆమ్లం ఎందుకు చేస్తుంది

మన కోసం కాదు. తాను బతకడం కోసం. చక్కెరను విరగ్గొట్టినప్పుడు బ్యాక్టీరియాకు ఏటీపీ (కణం శక్తిని పట్టి ఉంచుకుని అవసరమైనప్పుడు ఖర్చుపెట్టే అణువు) దొరుకుతుంది. ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన అప్పుడు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తున్నారు.

చక్కెర విరిగేటప్పుడు శక్తితో పాటు ఎలక్ట్రాన్లు కూడా మిగులుతాయి. ఆక్సిజన్ ఉంటే అవి దానికి చేరతాయి. ఆక్సిజన్ లేకపోతే వాటిని మరో అణువుపై దించుకోవాలి. అలా దించుకున్నప్పుడు లాక్టిక్ ఆమ్లం వంటివి ఏర్పడతాయి. పెరుగు పులవడం అంటే పాలలోని బ్యాక్టీరియా ఈ మిగులును బయటికి తోసేయడమే.

సిట్రిక్ ఆమ్లం వ్యవహారం వేరు. అది బ్యాక్టీరియాకు మిగులు కాదు. ఆక్సిజన్‌తో శక్తి పుట్టించే చక్రంలో అదే మొదటి మెట్టు. కణానికి ఎంతో అవసరమైనది. కాబట్టి దాన్ని బ్యాక్టీరియా ఊరికే బయటికి వదలదు. కణంలో శక్తి సరిపడా ఉన్నప్పుడు దాని తయారీ దానంతటదే నెమ్మదిస్తుంది. ఇటువంటి ఆమ్లం బ్యాక్టీరియా నుంచి కావాలనుకుంటే జన్యువుల్లో మార్పు అవసరమవుతుంది.

జన్యువు చేర్చడం అంటే

జన్యువు అంటే ఒక ప్రొటీను ఎలా చేయాలో చెప్పే డీఎన్ఏ ముక్క. ఆ ప్రొటీను తరచుగా ఎంజైము (కణంలో ఒక రసాయన మార్పును వేగపరిచేది) అవుతుంది. బ్యాక్టీరియాకు కొత్త జన్యువు ఇస్తే కొత్త ఎంజైము వస్తుంది. కొత్త ఎంజైముతో కొత్త రసాయన మార్గం తెరుచుకుంటుంది.

జన్యువును రెండు విధాలుగా పెట్టవచ్చు. ప్లాస్మిడ్ (ప్రధాన క్రోమోజోముకు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద పెట్టడం సులువు. కానీ ఆ వలయాన్ని మోయడం బ్యాక్టీరియాకు భారం. తరాలు గడిచేకొద్దీ కొన్ని కణాలు దాన్ని వదిలేస్తాయి. రెండో విధం, జన్యువును క్రోమోజోములోనే అతికించడం. పని కష్టం, ఫలితం నిలకడ.

ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. హెపటైటిస్-బి వైరస్ పైపొరలోని ఒక ప్రొటీను జన్యువును ఈస్ట్‌లో పెట్టి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ టీకా తయారుచేసింది. ఆ సంస్థను కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో స్థాపించారు. 1997లో వచ్చిన ఆ టీకా మన దేశంలో ఈ పద్ధతిలో తయారైన మొదటి టీకా. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో ఉన్నది మట్టి బ్యాక్టీరియా జన్యువు. అంటే ఈ ప్రాంతపు రైతు రెండు దశాబ్దాలకు పైగా జన్యుమార్పిడి పైరును సాగుచేస్తూనే ఉన్నాడు.

అయితే ఆమ్లం చేయించడానికి జన్యువును చేర్చడం ఒక్కటే చాలదు. కణంలోకి వచ్చే కర్బనం పరిమితం. కాలువ నీళ్లన్నీ ఒకే తూముకు రావాలంటే మిగతా తూములు మూయాలి. అలాగే కర్బనం పోయే ఇతర దారుల జన్యువులను తొలగించాలి. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లోనీ ఇంగ్రామ్ 1987లో ఇ.కోలై అనే బ్యాక్టీరియాకు మరో బ్యాక్టీరియా జన్యువులు రెండు చేర్చి దానితో ఇథనాల్ చేయించాడు. 1991లో ఆ పనికే అమెరికా తన 50 లక్షలవ పేటెంటును ఇచ్చింది. తర్వాత అదే ప్రయోగశాల ఇ.కోలైలోని పోటీ దారులను ఒక్కొక్కటిగా మూసి లాక్టిక్, సక్సినిక్ ఆమ్లాలు చేసే రకాలను రూపొందించింది. చేర్చడం, తొలగించడం కలిసి నడవాలన్నది ఆ కృషి చెప్పిన పాఠం.

వడోదరలో ఏం చేశారు

వడోదరలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో జి. నరేష్ కుమార్, జి. అర్చన బృందం చాలా ఏళ్లుగా ఒక ప్రశ్నపై పనిచేసింది. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా ప్రయోగశాలలో బాగా పనిచేసి, పొలంలో ఒక్కోసారి ఎందుకు విఫలమవుతుంది?

వారి జవాబు మట్టి స్వభావంలో ఉంది. నల్లరేగడి నేలలో సున్నపు లవణాలు ఎక్కువ. బ్యాక్టీరియా కొంచెం ఆమ్లం వదిలితే మట్టి వెంటనే దాన్ని చల్లార్చేస్తుంది. పులుపు నిలవదు, భాస్వరం కరగదు. ప్రయోగశాల ద్రావణంలో ఈ ఎదురుదెబ్బ ఉండదు కాబట్టి అక్కడ ఫలితం ఘనంగా కనిపిస్తుంది.

చాలా బ్యాక్టీరియా వదిలేది గ్లూకోనిక్ ఆమ్లం. అది ప్రధానంగా పులుపుతో పనిచేస్తుంది. సిట్రిక్ ఆమ్లానికి మరో బలం ఉంది. దాని అణువుకు మూడు ఆమ్ల కొసలు ఉంటాయి. వాటితో కాల్షియం, ఇనుము, అల్యూమినియం వంటి లోహాలను చుట్టి పట్టుకుంటుంది. దీన్నే కీలేషన్ (లోహాన్ని బంధించి పక్కకు తీయడం) అంటారు. లోహం పక్కకు జరగగానే దానితో ముడిపడిన ఫాస్ఫేటు విడిపోయి నీటిలోకి వస్తుంది. మట్టి పులుపును చల్లార్చినా ఈ పట్టు కొంతవరకు నిలుస్తుంది.

అందుకని వారు రెండు జన్యువులను ఒక ఒపెరాన్‌గా (ఒకే ఆదేశంతో కలిసి పనిచేసే జన్యువుల వరుస) కూర్చారు. మొదటిది సిట్రిక్ ఆమ్లాన్ని చేసే ఎంజైముకు చెందినది. మామూలు ఎంజైము కణంలో శక్తి ఎక్కువైనప్పుడు ఆగిపోతుంది. వారు తీసుకున్నది ఆ సంకేతాన్ని పట్టించుకోని మార్పు చెందిన రూపం. రెండోది సిట్రిక్ ఆమ్లాన్ని కణం లోపలి నుంచి బయటికి పంపే వాహక ప్రొటీనుకు చెందినది. ఒకటి తయారీ, ఒకటి రవాణా. రెండోది లేకపోతే తయారైన సరుకు లోపలే పేరుకుపోతుంది.

ఈ ఒపెరాన్‌ను వేళ్ల దగ్గర బతికే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ బ్యాక్టీరియాలోని ఆరు రకాల క్రోమోజోముల్లో అతికించారు. ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. అత్యధికంగా లీటరుకు 7.6 మిల్లీమోల్ సిట్రిక్ ఆమ్లం బయటికి వచ్చింది. గ్రాముల్లో చెప్పాలంటే లీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాము. దానితో పాటు 30 మిల్లీమోల్ దాకా గ్లూకోనిక్ ఆమ్లం కూడా వచ్చింది. బ్యాక్టీరియా ఎదుగుదల దెబ్బతినలేదు. పులుపును చల్లార్చే ద్రావణంలో రాక్ ఫాస్ఫేటు వేసి పరీక్షించినప్పుడు కూడా లీటరుకు 200 నుంచి 1000 మైక్రోమోల్ ఫాస్ఫేటు విడుదలైంది.

లీటరుకు ఒకటిన్నర గ్రాము అంటే పరిశ్రమ దృష్టిలో చాలా తక్కువ. నల్లని బూజు లీటరుకు 100 గ్రాములకు పైగా ఇస్తుంది. కానీ వేరు పక్కన ఉండే సన్నని నీటి పొరలో అంత అవసరం లేదు. అక్కడ కావలసింది కొద్ది ఆమ్లం, సరైన చోట, నిరంతరం. సరిపోయే మోతాదు ఎంత అన్నది పనిచేసే చోటును బట్టి ఉంటుంది.

ట్యాంకులో లెక్క

ట్యాంకు అంటే బయోరియాక్టర్ (సూక్ష్మజీవులను కొలిచిన వేడిలో, కొలిచిన ఆహారంతో పెంచే మూసిన పాత్ర). ఇక్కడ బ్యాక్టీరియాకు పోటీ లేదు. ఆహారం కొరత లేదు. సమస్యలు వేరే ఉన్నాయి.

మొదటిది, ఆమ్లం పేరుకున్నకొద్దీ దాన్ని చేసిన బ్యాక్టీరియాకే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని సున్నం కలిపి పులుపును తగ్గిస్తూ ఉంటారు. చివర్లో ఆమ్లాన్ని తిరిగి రాబట్టడానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తారు. ఫలితంగా జిప్సం మిగులుతుంది. పాత పద్ధతిలో టన్ను లాక్టిక్ ఆమ్లానికి దాదాపు టన్ను జిప్సం. ఈ బెడద తగ్గించుకోవడానికే కొన్ని కంపెనీలు బ్యాక్టీరియాను వదిలి, పులుపును తట్టుకునే ఈస్ట్‌లో జన్యువులు పెడుతున్నాయి.

రెండోది, ఆమ్లం నీళ్లలో కలిసి ఉంటుంది. నీళ్లను తొలగించి శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చు ఒక్కోసారి కిణ్వనం (సూక్ష్మజీవులతో పులియబెట్టడం) ఖర్చును మించుతుంది.

మూడోది, పోటీ పెట్రోలియంతో. బయోఆంబర్ అనే కంపెనీ కెనడాలోని సార్నియాలో 2015లో సక్సినిక్ ఆమ్ల కర్మాగారాన్ని తెరిచింది. ఈ ఆమ్లం కోసం మొదట ఇ.కోలైతో మొదలుపెట్టి, సార్నియా నాటికి ఈస్ట్‌కు మారింది. ముడిచమురు చౌకగా దొరుకుతున్న ఆ కాలంలో అనుకున్నంత గిరాకీ రాలేదు. 2018లో కంపెనీ దివాలా తీసింది. జన్యువు పనిచేసింది, సరుకు అమ్ముడుపోలేదు. ఈ రంగంలో పెట్టుబడి పెట్టేవారు ఎవరైనా ముందు చదవవలసిన చరిత్ర ఇది.

బొగ్గు వాయువు తినే బ్యాక్టీరియా

ట్యాంకులో బ్యాక్టీరియాకు సాధారణంగా చక్కెర పెడతారు. చక్కెర చెరకు నుంచో మొక్కజొన్న నుంచో రావాలి. కానీ వాయువును తినే బ్యాక్టీరియా కూడా ఉన్నాయి. రామగుండం బొగ్గు పట్టణమైన గోదావరిఖనికి దగ్గరి సంబంధం ఉన్నది ఇక్కడే.

రామగుండంలో పాత ఎఫ్‌సీఐ కర్మాగారం బొగ్గు ఆధారంగా నడిచేది. 1980లో ఉత్పత్తి మొదలై 1999లో అది మూతపడింది. అక్కడ బొగ్గును పూర్తిగా కాల్చేవారు కాదు. తక్కువ ఆక్సిజన్‌తో, ఆవిరితో కలిపి వాయువుగా మార్చేవారు. అలా వచ్చేది సంశ్లేషణ వాయువు (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ప్రధానంగా ఉన్న మిశ్రమం). అందులోని హైడ్రోజన్‌తో అమ్మోనియా, దాని నుంచి యూరియా తయారయ్యేవి. ఆ స్థలంలో వచ్చిన కొత్త కర్మాగారం ఆర్ఎఫ్‌సీఎల్‌ను 2022 నవంబర్ 12న జాతికి అంకితం చేశారు. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం ఉన్న ఈ కర్మాగారానికి ముడిసరుకు సహజవాయువు. బొగ్గు కాదు.

అదే సంశ్లేషణ వాయువును ఆహారంగా తీసుకునే బ్యాక్టీరియాను ఎసిటోజెన్లు (వాయువు నుంచి ఎసిటిక్ ఆమ్లం చేసేవి) అంటారు. క్లాస్ట్రిడియం లుంగ్‌డాలీ అనే రకం కోళ్ల పెంటలో దొరికింది. క్లాస్ట్రిడియం ఆటోఇథనోజెనం అనే రకం కుందేలు పెంటికల్లో దొరికింది. ఇవి ఆక్సిజన్ లేని చోట, మన ఒంటి వేడికి దగ్గరి ఉష్ణోగ్రతలో పనిచేస్తాయి. వాయువులో కొద్దిగా గంధకం ఉన్నా తట్టుకుంటాయి. ఇదే వాయువుతో రసాయనాలు చేయడానికి వాడే లోహ ఉత్ప్రేరకాలు అంతగా తట్టుకోలేవు.

సహజంగా ఇవి చేసేది ఎసిటిక్ ఆమ్లం, కొంత ఇథనాల్. జన్యువులు చేర్చితే మరికొన్ని చేస్తాయి. క్లాస్ట్రిడియం లుంగ్‌డాలీకి అమెరికా శాస్త్రవేత్తలు మరో బ్యాక్టీరియా జన్యువులను చేర్చి, ఎసిటిక్ ఆమ్లం దారిని మూసి, బ్యుటిరిక్ ఆమ్లం చేయించారు. ఆ ఫలితం 2014లో వచ్చింది. లాంజాటెక్ అనే కంపెనీ రెండో రకానికి జన్యువులు చేర్చి ఎసిటోన్, ఐసోప్రొపనాల్ చేయించినట్టు 2022లో ప్రకటించింది. దాని ఇథనాల్ పద్ధతి ఇప్పటికే వాణిజ్య స్థాయికి చేరింది. చైనాలో ఉక్కు కర్మాగారపు వాయువుతో 2018 నుంచి నడుస్తోంది. మన దేశంలో ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీ వాయువుకు అదే పద్ధతిని తెచ్చింది.

మన బొగ్గులో బూడిద ఎక్కువ. దాన్ని వాయువుగా మార్చడం అంత సులువు కాదు. అయినా సాధ్యమే. హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్ అధిక బూడిద బొగ్గును వాయువుగా మార్చి, రోజుకు పావు టన్ను మిథనాల్ చేసే ప్రయోగ కేంద్రాన్ని నడిపి చూపించింది. 2024 జనవరిలో కేంద్రం బొగ్గు వాయువు ప్రాజెక్టులకు 8500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాన్ని ఆమోదించింది. అదే ఏడాది ఆగస్టులో ఆమోదం పొందిన బయోఈ3 విధానం జీవ పద్ధతుల్లో రసాయనాల తయారీని ఒక ముఖ్య అంశంగా పెట్టుకుంది. ఈ విషయం ఇప్పుడు మాట్లాడుకోవలసి రావడానికి కారణం ఇదే. డీఎన్ఏను కోరిన వరుసలో రాయించుకోవడం కూడా మునుపటికంటే చౌకైంది.

ఇక్కడ రెండు విషయాలు స్పష్టంగా తెలుసుకోవాలి.

ఒకటి, కార్బన్ మోనాక్సైడ్‌లో శక్తి ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్‌లో ఉండదు. అది కాలిపోయిన కర్బనం. రామగుండంలోని ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాల నుంచి వచ్చేది కార్బన్ డయాక్సైడే. దాన్ని బ్యాక్టీరియాకు ఆహారంగా పెట్టాలంటే శక్తిని హైడ్రోజన్ రూపంలో విడిగా ఇవ్వాలి. ఆ హైడ్రోజన్ నీటిని విద్యుత్తుతో విడగొడితే వస్తుంది. ఎన్టీపీసీ రామగుండం జలాశయంపై 2022 నుంచి 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం నడుస్తోంది. అటువంటి విద్యుత్తును హైడ్రోజన్‌కు మళ్లించవచ్చు. కానీ ఆ కరెంటును నేరుగా అమ్ముకోవడం కంటే అది లాభమా అన్న లెక్క ముందు తేలాలి. బొగ్గు కరెంటుతో హైడ్రోజన్ చేసి, బొగ్గు పొగను ఆమ్లంగా మార్చడం వల్ల పర్యావరణానికి మేలు ఉండదు.

రెండు, బొగ్గు నుంచి వచ్చిన ఆమ్లం చివరకు కాలినా కుళ్లినా అందులోని కర్బనం గాలిలోకే వెళుతుంది. బ్యాక్టీరియా చేసినంత మాత్రాన అది పచ్చని సరుకు కాదు. అదే వాయువు పత్తి కట్టె నుంచి వస్తే లెక్క మారుతుంది. ఆ కర్బనాన్ని మొక్క అదే ఏడాది గాలి నుంచి తీసుకుంది. పీకి చేలోనే కాల్చేస్తున్న పత్తి కట్టెకు ఈ ప్రాంతంలో కొరత లేదు. ఊళ్ల నుంచి దాన్ని సేకరించి తెచ్చే ఖర్చే అసలు అడ్డంకి.

మట్టిలో లెక్క

మట్టిలో ఆమ్లాన్ని శుద్ధి చేయనవసరం లేదు. అమ్మనవసరం లేదు. అది సగం భారాన్ని తీసేస్తుంది. కానీ మట్టిలో గోడలు లేవు. బ్యాక్టీరియా అక్కడ ఒంటరి కాదు. గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో ఇతర సూక్ష్మజీవులు ఉంటాయి. తన కర్బనంలో కొంత భాగాన్ని ఆమ్లంగా బయట పోసే బ్యాక్టీరియా, పోయని వాటితో పోటీలో వెనకబడే అవకాశం ఉంది. కాబట్టి ప్రయోగశాలలో ఆరు రకాలు బాగా ఎదిగాయన్న ఫలితం, పొలంలో పంటకాలం మొత్తం నిలుస్తాయన్న హామీ కాదు.

ఆమ్లం గాలిలోంచి పుట్టదు. దానికి చక్కెర కావాలి. ప్రయోగశాలలో గ్లూకోజు పోశారు. పొలంలో ఆ చక్కెరను వేళ్లే స్రవించాలి. ఈ విషయం సింగరేణి బొగ్గు గనుల ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. ఓపెన్‌కాస్టు తవ్వినప్పుడు బొగ్గుపై ఉన్న మట్టి, రాయి తీసి గుట్టలుగా పోస్తారు. కార్మికులు ఓబీ గుట్టలని పిలిచేవి ఇవే. లోతుల్లోంచి వచ్చిన ఆ ఇసుకరాతి ముక్కల్లో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు. అక్కడ ఎంత తెలివిగా జన్యువులు కూర్చిన బ్యాక్టీరియాను చల్లినా తినడానికి ఏమీ దొరకదు. ముందు మొక్క నిలవాలి, వేరు దిగాలి, ఆకు రాలి కుళ్లాలి. నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మాంగనీసు గని గుట్టలపై చక్కెర మిల్లుల ప్రెస్‌మడ్‌ను కలిపి, సహజమైన సూక్ష్మజీవులతోనే మొక్కలను నిలబెట్టారు. ఓబీ గుట్టలకు మొదటి మందు సేంద్రియ పదార్థమే. జన్యుమార్పిడి గురించి ఆలోచించడం ఆ తర్వాత.

ప్రమాదం సంగతి కూడా ఇక్కడే వస్తుంది. బ్యాక్టీరియా ఒకదానికొకటి డీఎన్ఏ ఇచ్చిపుచ్చుకుంటాయి. ప్లాస్మిడ్ మీద ఉన్న జన్యువు మరో జాతికి పాకడం తేలిక. క్రోమోజోములో అతికించినది అంత తేలికగా పాకదు. వడోదర బృందం క్రోమోజోము పద్ధతిని ఎంచుకోవడంలోని విలువ ఇది. ప్రయోగశాలల్లో జన్యువు చేరిందో లేదో గుర్తించడానికి యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును కూడా జతచేయడం మామూలు. అటువంటిది పొలంలోకి వెళ్లకూడదు. సిట్రిక్ ఆమ్లం ఫాస్ఫేటునే కాదు, మట్టిలోని ఇతర లోహాలను కూడా కదిలించగలదు. బొగ్గు బూడిద చేరిన నేలల్లో దీన్ని ప్రత్యేకంగా పరీక్షించాలి.

అందుకే చట్టం ట్యాంకును, మట్టిని వేరుగా చూస్తుంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో చేసిన నిబంధనలు మన దేశంలో వీటికి ఆధారం. ప్రతి పరిశోధన సంస్థలో జీవభద్రత సంఘం ఉండాలి. పరిశోధన దశను ఆర్‌సీజీఎం అనే సంఘం పర్యవేక్షిస్తుంది. పర్యావరణంలోకి విడుదల చేయాలంటే జీఈఏసీ (జన్యుమార్పిడి జీవుల విడుదలను మదింపు చేసే కేంద్ర సంఘం) అనుమతి తప్పనిసరి. బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది ఈ సంఘమే.

బయటి దేశాల్లో కూడా ఈ అడుగు నెమ్మదిగానే పడింది. మొక్కలకు మంచు దెబ్బ తగలకుండా ఒక జన్యువును తొలగించిన బ్యాక్టీరియాను 1987లో కాలిఫోర్నియా పొలాల్లో తొలిసారి చల్లారు. అప్పుడు కోర్టు వివాదాలు, నిరసనలు వచ్చాయి. నత్రజనిని ఇచ్చేలా తన జన్యువుల్లోనే సవరణ చేసిన బ్యాక్టీరియా ఒకటి 2019 నుంచి అమెరికా మొక్కజొన్న పొలాల్లో వాడకంలో ఉంది. బయటి జన్యువు చేర్చకపోవడం దానికి దారి సులువు చేసింది.

మనం అడగవలసినవి

ఇప్పుడు దుకాణంలో దొరికే పీఎస్‌బీ (భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా) ప్యాకెట్లు జన్యుమార్పిడివి కావు. మట్టి నుంచి ఏరి పెంచిన సహజ రకాలు. జీవన ఎరువులు 2006 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలో ఉన్నాయి. పొడి రూపంలోని పీఎస్‌బీలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. ఎండలో పెట్టిన ప్యాకెట్‌లో అవి చనిపోతాయి. కాబట్టి ఈరోజు రైతుకు అక్కరకొచ్చే పనులు రెండు. భూసార పరీక్ష చేయించి, భాస్వరం ఇప్పటికే ఎక్కువ ఉంటే డీఏపీ తగ్గించాలి. ప్యాకెట్‌ను నీడలో ఉంచి, పశువుల ఎరువుతో కలిపి, గడువులోపు వాడాలి. ఆ ఎరువులోని సేంద్రియ పదార్థమే బ్యాక్టీరియాకు ఆహారం.

రేపు ఎవరైనా జన్యువులు చేర్చిన బ్యాక్టీరియాతో వస్తే నాలుగు ప్రశ్నలు అడగాలి. అది ఎక్కడ పనిచేస్తుంది, మూసిన ట్యాంకులోనా, మట్టిలోనా? దాని ఆహారం ఏమిటి, ఆ కర్బనం ఎక్కడి నుంచి వస్తుంది? జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందా, క్రోమోజోములో ఉందా? ఏ సంఘం ఏ దశకు అనుమతి ఇచ్చింది? వీటికి నేరుగా జవాబు రాకపోతే ఒప్పుకోనక్కరలేదు. జవాబు సరిగా ఉంటే అనవసరంగా భయపడనక్కరలేదు.

బొగ్గు తర్వాత ఏమిటి అన్న ప్రశ్న గోదావరిఖనిలో ప్రతి కుటుంబానికీ ఉంది. ఆమ్లం చేసే బ్యాక్టీరియా ఒక్కటే దానికి జవాబు కాదు. గనిలో పనిచేసేంత మందికి ఒక కిణ్వన కర్మాగారం పని ఇవ్వలేదు. కానీ వాయువును శుద్ధి చేయడం, ఒత్తిడిని అదుపులో పెట్టడం, కంప్రెసర్లు, పైపులు, బాయిలర్లు నడపడం ఇక్కడివారు దశాబ్దాలుగా చేస్తున్న పనులు. వాయువుతో నడిచే బయోరియాక్టర్‌కు కావలసిన నైపుణ్యంలో పెద్ద భాగం ఇదే. లేనిది సూక్ష్మజీవ శాస్త్రం. దాన్ని ఇక్కడి కళాశాలల్లో నేర్పవచ్చు. సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, హైదరాబాద్‌లో ఐఐసీటీ వంటి పరిశోధన సంస్థ ఉంది. మొదట ట్యాంకులో, చిన్న స్థాయిలో, పత్తి కట్టె వాయువుతో మొదలుపెట్టడం తెలివైన దారి. అక్కడ తప్పు జరిగితే ట్యాంకును మరిగించి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మట్టిలోకి వదిలినదాన్ని వెనక్కి పిలవలేం. కాబట్టి మట్టి విషయంలో పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగడమే శాస్త్రీయమైన పద్ధతి.